ఎవరి నోట విన్నారు?

రంజాన్ నెల ఇరవై తొమ్మిదో సాయంత్రం ముస్లిం కుటుంబాలు నివసించే ఏ వీధిలోనైనా కనిపించే దృశ్యం ఒకటే. ఇఫ్తార్ ముగించి, మగ్రిబ్ నమాజు చేసుకొని, పిల్లలూ పెద్దలూ మిద్దెలెక్కి పడమటి ఆకాశం వైపు చూస్తారు. అదే సమయంలో చేతుల్లోని ఫోన్లు మోగుతూ ఉంటాయి. ఫలానా ఊళ్లో నెలవంక కనబడిందని ఒక సందేశం వస్తుంది. కనబడలేదని వెనువెంటనే మరొకటి వస్తుంది. ఏ సంవత్సరం తీసినదో, ఏ దేశంలో తీసినదో తెలియని నెలవంక ఫోటో ఇంకొకటి వస్తుంది. అయినా ఆ ఫోటోను చూసి ఎవరూ ఈద్ ప్రకటించరు. మస్జిదులో ఇమామ్ సాహెబ్ అడిగే ప్రశ్నలు మూడే. చూసినవారెవరు? ఎక్కడ చూశారు? వారి సాక్ష్యాన్ని ఎవరు స్వీకరించారు? ఈ మూడింటికీ జవాబు వచ్చేదాకా మనం తరావీహ్ నమాజుకు సిద్ధంగానే ఉంటాము. ‘నా మాట నమ్మరా?’ అని ఎవరూ కోపగించుకోరు. సాక్ష్యం అడగడం అవమానం కాదని, అది ధర్మమని మన ఇళ్లలో అక్షరం ముక్క రాని వృద్ధురాలికి సైతం తెలుసు.

మరునాడు అదే ఫోనులోకి పొరుగింటివారి గురించి ఒక కబురు వస్తుంది. ప్రాణాంతకమైన జబ్బును మూడు రోజుల్లో నయం చేసే మందు గురించి ఒక వీడియో వస్తుంది. ఎవరి ఇంటి ఆడపిల్లదో ఒక ఫోటో, దాని కింద ఒక కథ వస్తాయి. అప్పుడు మాత్రం ఆ మూడు ప్రశ్నలు మనకు గుర్తుకు రావు. వేలు దానంతటదే ఫార్వర్డ్ గుర్తు మీద పడుతుంది. ఒక్క రోజు ఉపవాసం విషయంలో ఇంత జాగ్రత్త వహించే మనం, ఒక మనిషి ప్రాణం విషయంలో, ఒక కుటుంబం పరువు విషయంలో ఎందుకు వహించడం లేదు? ఈ నెల ఈ శీర్షికలో దీని గురించే ఆలోచిద్దాం.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. ఇంటర్నెట్‌ను శత్రువుగా చూపించి, ఫోన్లు అవతల పారేయమని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మన గూడూరు నిమ్మకాయల మార్కెట్‌కు సరుకు తెచ్చే రైతుకు దూరపు నగరాల ధరలు ఫోనులోనే తెలుస్తున్నాయి. గల్ఫ్‌లో పనిచేసే కొడుకు ముఖం ఫోనులో చూస్తే గాని ఇక్కడ తల్లికి నిద్ర పట్టడం లేదు. పరీక్షల ఫలితాలు, రైలు టిక్కెట్లు, ఆసుపత్రి రిపోర్టులు అన్నీ అందులోనే. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ అనే పేరుతో 161 రకాల సేవలను వాట్సాప్ ద్వారానే ప్రజలకు అందించడం ప్రారంభించింది. దివ్య ఖుర్ఆన్ పారాయణాన్ని వింటూ తమ ఉచ్చారణను సరిదిద్దుకుంటున్న సోదరీమణులు ఎందరో ఉన్నారు. కనుక ఫోను ఉండాలా వద్దా అన్నది ప్రశ్న కాదు. అందులో వచ్చిన మాటను మరొకరికి చేరవేసే క్షణంలో మనం ఎవరమవుతున్నాము అన్నదే ప్రశ్న.

మదరసా పరిభాషలో దీనికి ఒక్క పదంలో జవాబుంది. మనం ‘రావీ’ అవుతున్నాము. అంటే ఉల్లేఖకుడు. ఒక వార్తను తన బాధ్యతపై మరొకరికి అందించేవాడు.

మంచివాడైతే చాలదు

హదీసు విద్యను అభ్యసించే విద్యార్థికి మొదట చెప్పే విషయం, ప్రతి హదీసుకూ రెండు భాగాలుంటాయని. ఒకటి ‘మతన్’, అంటే చెప్పిన మాట. రెండోది ‘సనద్’, అంటే ఆ మాట ఎవరి నుంచి ఎవరికి, ఎవరి ద్వారా మన దాకా వచ్చిందో తెలిపే పేర్ల గొలుసు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ముబారక్ (రహ్మ) సనద్‌ను ధర్మంలో భాగంగానే పరిగణించారు. అది లేకపోతే ఎవరికి తోచింది వారు చెప్పేసేవారని ఆయన అభిప్రాయం. ఆ గొలుసులోని ప్రతి వ్యక్తి గురించీ మన పండితులు ఆరా తీశారు. అతడు ఎప్పుడు పుట్టాడు, ఎక్కడ నివసించాడు, తాను విన్నానని చెబుతున్న గురువును నిజంగా కలిశాడా, వృద్ధాప్యంలో జ్ఞాపకశక్తి తగ్గిందా అని పరిశీలించారు. ఇమామ్ జహబీ (రహ్మ), హాఫిజ్ ఇబ్నె హజర్ అస్ఖలానీ (రహ్మ) వంటివారు ఈ ఉల్లేఖకుల వివరాలతోనే సంపుటాలకు సంపుటాలు రచించారు.

ఉల్లేఖకుడిలో వారు చూసిన గుణాలు ప్రధానంగా రెండు. మొదటిది ‘అదాలత్’, అంటే సత్యసంధత, సత్ప్రవర్తన. రెండోది ‘జబ్త్’, అంటే విన్నదాన్ని పొల్లు పోకుండా గ్రహించి, ఉన్నదున్నట్లు అందించగల సామర్థ్యం. ఈ రెండూ వేర్వేరు గుణాలు. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్లు కాదు. రాత్రంతా తహజ్జుద్ నమాజులో గడిపేవాడు కావచ్చు, ఒక్క అబద్ధం ఆడి ఎరుగనివాడు కావచ్చు. జబ్త్ లేకపోతే అతని ఉల్లేఖనాన్ని పక్కన పెట్టారు. ఇమామ్ ముస్లిం (రహ్మ) తన ‘సహీహ్’ పీఠికలో ఒక పండితుని పరిశీలనను ప్రస్తావించి దాన్ని వివరించారు. పుణ్యపురుషులు కూడా కొందరు హదీసు విషయంలో అసత్యానికి లోనవుతారని, వారు కావాలని అబద్ధమాడరు గాని అబద్ధం వారి నాలుక మీదుగా సాగిపోతుందని దాని సారాంశం.

సోదరీ సోదరులారా! ఈ ఒక్క విషయాన్ని మన కుటుంబాల వాట్సాప్ గ్రూపులకు అన్వయించి చూడండి. ‘మా మామూ పంపారు, ఆయన అబద్ధం ఆడరు’ అంటాము. నిజమే, ఆయన అబద్ధమాడరు. కాని ఆయనకు అది ఎవరు పంపారు? వారికి ఎవరు పంపారు? మామూ గారి సత్యసంధతను చూసి మనం నమ్ముతున్న మాట ఆయనది కాదు. దాని అసలు కర్త ఎవరో ఆయనకే తెలియదు. మన అభిమానం అనే ముద్ర వేసుకొని, ఎవరో ముక్కూ మొగం తెలియనివాడి మాట మన ఇంట్లోకి ప్రవేశిస్తోంది.

అనేకసార్లు ఫార్వర్డ్ అయిన సందేశంపై వాట్సాప్ రెండు బాణాల గుర్తు చూపిస్తుంది. ఆ సందేశం అయిదు లేదా అంతకంటె ఎక్కువ చేతులు మారిందని దాని అర్థం. ఇందరు పంపారంటే నిజమే అయివుంటుందని చాలామంది అనుకుంటారు. హదీసు విద్యార్థి దీనికి సరిగ్గా విరుద్ధంగా ఆలోచిస్తాడు. అయిదుగురి చేతులు మారినా ఒక్కరి పేరూ తెలియదంటే అది తెగిపోయిన సనద్. అపరిచితుల నుంచి వచ్చిన మాట. ఆ గుర్తు నమ్మకానికి ఆధారం కాదు, ఆగమని చెప్పే హెచ్చరిక.

మదీనాలో ఒక రాత్రి

వదంతి అంటే శత్రువులు పుట్టించేదే అనుకుంటాము. మంచివారి ద్వారా, మంచి ఉద్దేశంతో కూడా అది వ్యాపిస్తుందనడానికి హదీసు గ్రంథాల్లో ఒక సంఘటన ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) మదీనా శివార్లలో నివసించేవారు. ఆయన, ఆయన పొరుగున ఉండే ఒక అన్సారీ సోదరుడు వంతులవారీగా దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సన్నిధికి వెళ్లి, ఆ రోజు విశేషాలు తెలుసుకొని ఒకరికొకరు చెప్పుకొనేవారు. గస్సాన్ తెగవారు దాడికి సిద్ధమవుతున్నారనే ఆందోళన అప్పట్లో మదీనాలో ఉండేది. ఒక రాత్రి ఆ అన్సారీ సోదరుడు వచ్చి తలుపు గట్టిగా తట్టారు. ఘోరం జరిగిపోయిందన్నారు. గస్సాన్‌వారు వచ్చారా అని ఉమర్ (రజి) అడిగారు. అంతకంటె పెద్ద విషయమని, ప్రవక్త (స) తన సతీమణులకు విడాకులిచ్చేశారని ఆయన చెప్పారు.

చెప్పినవారు సహాబీ. కపటి కాదు, అసత్యవాది కాదు. చేరవేయడానికే బాధ్యత తీసుకొన్న మనిషి. వార్త మాత్రం తప్పు.

ఉమర్ (రజి) ఏమి చేశారో గమనించండి. తెల్లవారి నమాజు తర్వాత తన కుమార్తె, ప్రవక్త (స) సతీమణి అయిన హజ్రత్ హఫ్సా (రజి) దగ్గరికి వెళ్లారు. ఆమె ఏడుస్తున్నారు. విడాకులిచ్చారా అని అడిగితే తనకు తెలియదన్నారు. అందరికంటె దగ్గరి వ్యక్తి, కష్టంలో ఉన్న వ్యక్తి, ఊహించి చెప్పకుండా ‘తెలియదు’ అని మాత్రమే అన్నారు. మస్జిదుకు వెళితే అక్కడ జనం కూర్చొని విలపిస్తున్నారు. వారిలో ఎవరూ ప్రవక్త (స)ను అడగలేదు. ఉమర్ (రజి) అక్కడ కూర్చోలేదు. ప్రవక్త (స) ఉన్న మేడగది వద్దకు వెళ్లి అనుమతి కోరారు. మొదట జవాబు రాలేదు. తిరిగి వచ్చి మళ్లీ వెళ్లారు. చివరికి అనుమతి దొరికాక, నిలబడి ఉండగానే నేరుగా అడిగారు. లేదు అని సమాధానం వచ్చింది. ప్రవక్త (స) ఒక నెల రోజులు సతీమణులకు దూరంగా ఉండాలని నిర్ణయించుకొన్నారు, అంతే. ప్రజలకు ఈ విషయం తెలియజేయడానికి అనుమతి తీసుకొని, ఉమర్ (రజి) మస్జిదు ద్వారం వద్ద నిలబడి బిగ్గరగా ప్రకటించారు.

‘నిప్పు లేనిదే పొగ రాదు’ అని మనవాళ్లంటారు. వదంతిని నమ్మడానికి ఈ సామెతను మించిన సాకు లేదు. పై సంఘటనలో నిప్పు ఉంది, పొగా ఉంది. కాని జనం చెప్పుకొన్న నిప్పు వేరు, అసలు నిప్పు వేరు. ఒక నెల ఎడబాటు కాస్తా రాత్రికి రాత్రి విడాకులైపోయింది. నిసా సూరా 83వ వాక్యం ఈ సందర్భంలోనే అవతరించిందని ‘సహీహ్ ముస్లిం’ తెలుపుతోంది. శాంతి గురించి గాని భయం గురించి గాని ఒక కబురు అందగానే దాన్ని చాటింపు వేసేవారిని అల్లాహ్ అందులో మందలించాడు. దాన్ని ప్రవక్తకు, బాధ్యులకు నివేదించి ఉంటే, లోతుపాతులు తెలిసినవారు నిజాన్ని రాబట్టి ఉండేవారని తెలిపాడు.

ఈ సంఘటనలోంచి మనకు నాలుగు పనులు దొరుకుతాయి. కూర్చొని వల్లె వేయకపోవడం. మూలానికి వెళ్లి అడగడం. తెలియనిదాన్ని తెలియదనడం. నిజం తెలిశాక, తప్పు వ్యాపించిన చోటనే నిలబడి దాన్ని ప్రకటించడం.

మన తీరంలో చూసింది

2021 మే నెల మనలో ఎవరూ మరచిపోలేరు. కరోనా రెండో విడతలో ఆసుపత్రుల్లో పడకలు లేవు, ఆక్సిజన్ లేదు. జనాజా నమాజుల సమాచారమే గ్రూపుల నిండా ఉండేది. ఆ రోజుల్లోనే మన తీరంలో, ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య అనే వ్యక్తి కరోనాకు ఉచితంగా నాటు మందు ఇస్తున్న విషయం వీడియోల ద్వారా రాష్ట్రమంతా పాకింది. మే 21న ఆ చిన్న గ్రామానికి వేలాదిమంది చేరుకొన్నారు. రోగులను అంబులెన్సుల్లో కూడా తీసుకొచ్చారు. రోగులు, రోగం లేనివారు ఒకే గుంపులో కలిసిపోయారు. ప్రభుత్వం పంపిణీ ఆపించి, మందును పరిశీలించమని ఆయుష్ విభాగాన్ని కోరింది. అది ఆయుర్వేద ఔషధం అనిపించుకోదని, నాటు మందుగా మాత్రమే భావించాలని అధికారులు తేల్చారు. హాని కలిగించే పదార్థాలు కనబడలేదన్న నివేదికల మీద మే నెలాఖరున పంపిణీకి అనుమతి లభించింది. కంటిలో వేసే చుక్కల మందుకు మాత్రం అప్పటికి అనుమతి రాలేదు. వైద్యులు రాసిన మందులు ఆపవద్దని ప్రభుత్వం ప్రజలకు స్పష్టం చేసింది.

ఆ మందు మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పడం ఈ శీర్షిక పని కాదు. మన పాఠం వేరే చోట ఉంది. అన్నిటికంటె ఎక్కువగా తిరిగిన వీడియోల్లో ఒకటి, మన ప్రాంతానికే చెందిన ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయునిది. చుక్కలు వేయించుకొన్న కొద్దిసేపటికే తాను కోలుకొన్నానని ఆయన చెప్పారు. ఆయన అబద్ధం చెప్పలేదు, తనకు అనిపించింది చెప్పారు. తర్వాత ఆయన పరిస్థితి విషమించింది. నెల్లూరు ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స పొందుతూ మే నెలాఖరున కన్నుమూశారు. అల్లాహ్ ఆ కుటుంబానికి ఓదార్పు ప్రసాదించుగాక. మొదటి వీడియోను పంపిన ఎన్ని చేతులు రెండో వార్తను కూడా పంపాయి? మొదటిదాన్ని పంపినవారి దృష్టిలో అది ఆశ. అందుకున్నవారి దృష్టిలో అది వైద్య సలహా. ఆక్సిజన్ మంచం మీద నుంచి రోగిని లేపి కారెక్కించాలా వద్దా అని ఒక కుటుంబం ఆ వీడియో ఆధారంగా నిర్ణయించుకొంటుంది. మనం ‘పంపాను అంతే’ అనుకొన్నది అవతలి ఇంట్లో సాక్ష్యంగా నిలుస్తుంది.

మాట కారు కంటె ముందు చేరింది

2018 వేసవిలో ఇది ప్రాణాల మీదికి వచ్చింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయనే సందేశాలు తెలుగు రాష్ట్రాలతో సహా దేశంలో అనేక చోట్ల వ్యాపించాయి. మే 26 రాత్రి హైదరాబాదు చాంద్రాయణగుట్టలో, భిక్షాటనకు వచ్చిన హిజ్రాలపై ఒక గుంపు దాడి చేసింది. వారిలో ఒకరు మరణించారు. అది రంజాన్ మాసం. జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామంలో అయిదుగురు సంచార జాతివారిని కొట్టి చంపారు.

జులై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లాలో జరిగినది మన గుండెల్ని పిండేస్తుంది. హైదరాబాదుకు చెందిన ఒక యువ ముస్లిం ఇంజినీరు మిత్రులతో కలిసి కారులో అటు వెళ్లాడు. వారిలో ఖతర్ నుంచి వచ్చిన అతిథి కూడా ఉన్నాడు. దారిలో కనబడిన బడి పిల్లలకు చాక్లెట్లు పంచారు. అంతే, వారు పిల్లలను ఎత్తుకుపోయేవారనే సందేశం వాట్సాప్ గ్రూపుల్లోకి ఎక్కింది. వారు కారులో బయటపడ్డారు గాని, ఆ మాట కారు కంటె ముందే ముర్కి గ్రామానికి చేరింది. అక్కడ దారి కాచి ఉన్నారు. కారు బోల్తా పడింది. గుంపు దాడిలో ఆ యువకుడు ప్రాణాలు కోల్పోయాడు. పసిపిల్లల చేతిలో మిఠాయి పెట్టినందుకు! కొట్టినవారిలో చాలామంది అంతకు ముందు ఏ నేరమూ చేసి ఉండరు. తమ పిల్లలను కాపాడుకొంటున్నామనే అనుకొని ఉంటారు. హుజురాత్ సూరా ఆరో వాక్యం ఈ స్థితి గురించే హెచ్చరిస్తుంది. నమ్మదగని వ్యక్తి వార్త తెస్తే విచారించుకోవాలని, లేకపోతే తెలియనితనంతో ఒక వర్గానికి హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని.

ఆ సంవత్సరమే మన పొరుగు రాష్ట్రం తెలంగాణలో మరో దృశ్యం కూడా కనబడింది. జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి, ఈ సందేశాల భయంతో గ్రామాల్లో జనం తలుపులు బిగించుకొంటున్నారని ముందుగానే గుర్తించారు. ఆమె సిబ్బంది ఊరూరా తిరిగి, డప్పు కొట్టించి, పాటలు పాడించి అవి అబద్ధపు సందేశాలని వివరించారు. అక్కడ ఒక్క ప్రాణం కూడా పోలేదు. వదంతి చేరిన గడపకే నిజాన్ని కూడా తీసుకువెళ్లాలి. మస్జిదు ద్వారం వద్ద ఉమర్ (రజి) బిగ్గరగా ప్రకటించింది కూడా ఇందుకే గదా!

ఈ హత్యల తర్వాత 2018 జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి విధించింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే అనేకసార్లు ఫార్వర్డ్ అయినవాటికి ఆ పరిమితిని ఒక్క చాట్‌కు తగ్గించింది. చట్టం కూడా ఉంది. ప్రజల్లో భయాన్ని, వర్గాల మధ్య ద్వేషాన్ని రేపే తప్పుడు సమాచారాన్ని వ్యాపింపజేస్తే భారతీయ న్యాయ సంహిత 353వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. కాని కంపెనీ పెట్టే పరిమితి వేలిని ఆపుతుంది, చట్టం భయపెడుతుంది. హృదయాన్ని ఆపవలసింది విశ్వాసమే.

మన వంతు వచ్చినప్పుడు

2020 మార్చిలో రాష్ట్రంలో తొలి కరోనా కేసు మన నెల్లూరులోనే, ఇటలీ నుంచి వచ్చిన ఒక యువకునిలో నమోదైంది. వైరస్‌కు మతం లేదు. కాని ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ ఉదంతం తర్వాత వ్యాధి మొత్తానికీ ముస్లింలే కారణమన్నట్లు సందేశాలు వరదలా వచ్చాయి. పళ్లేలను నాకి శుభ్రం చేస్తున్న కొందరి వీడియోను చూపించి, వైరస్‌ను కావాలని అంటిస్తున్నారని ప్రచారం చేశారు. అది కరోనాకు ఏళ్ల ముందు నుంచీ ఉన్న పాత వీడియో. అన్నం మెతుకు కూడా వృథా కాకూడదనే దావూదీ బోహ్రాల ఆచారానికి సంబంధించినది. ఆ రోజుల్లో మన కూరగాయల బండ్ల వద్దకు రావడానికి కూడా కొందరు సందేహించారు. ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీలపై కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేసినట్లు కనిపిస్తోందని అభిప్రాయపడింది. తీర్పు వచ్చేసరికి నెలలు గడిచిపోయాయి. వీడియోకు పట్టింది క్షణాలు.

ఆ బాధ అనుభవించినవారిగా మనం ఏమి చేస్తున్నాము? మన గురించి వచ్చినదానికి రుజువు అడుగుతాము. ఇతరుల గురించి వచ్చినదాన్ని రుజువు లేకుండా పంపుతాము. ఒక వర్గంపై కోపం ఉన్నా న్యాయం తప్పవద్దని మాయిదా సూరా మనకు బోధిస్తోంది. బాధితుడికి కూడా ఈ ఆజ్ఞ నుంచి మినహాయింపు లేదు.

ధర్మం పేరుతో వచ్చేవి

ధార్మిక సందేశాల విషయంలో మన నిర్లక్ష్యం మరీ ఎక్కువ. మదీనాలో ప్రవక్త (స) మస్జిదు సేవకుడు షేక్ అహ్మద్‌కు కల వచ్చిందని, దీన్ని ఇన్ని కాపీలు తీసి పంచితే లాభమని, పంచకపోతే నష్టమని బెదిరించే కరపత్రాన్ని మన పెద్దలు కాగితంపై చూశారు. ఇప్పుడు మన పిల్లలు ఫోనులో చూస్తున్నారు. షేక్ ఇబ్నె బాజ్ (రహ్మ) వంటి పండితులు అది కల్పితమని వివరంగా రాశారు. అలాగే రంజాన్ రాకను అందరికంటె ముందు ఇతరులకు తెలిపినవారికి నరకం నిషిద్ధమవుతుందని హదీసు పేరుతో ప్రతి యేడూ ఒక సందేశం తిరుగుతుంది. హదీసు గ్రంథాల్లో దానికి ఏ ఆధారమూ లేదు. అది ప్రవక్త (స)కు అంటగట్టిన మాట. ఆయన చెప్పనిదాన్ని ఆయన పేరిట బుద్ధిపూర్వకంగా చెప్పేవాడి నివాసం నరకమని హెచ్చరించే హదీసును అత్యధిక సంఖ్యలో సహాబాలు ఉల్లేఖించారు. తెలియక పంపేవాడు ఆ కోవలోకి రాకపోవచ్చు. కాని విన్నదల్లా చెప్పేయడమే మనిషిని అబద్ధికుణ్ణి చేయడానికి చాలునని కూడా ప్రవక్త (స) బోధించారు. పుణ్యం ఆశించి ఈ ముప్పులో పడటం ఎంత విచారకరం!

ఇంట్లో ఏం చేయాలి?

హజ్రత్ ఆయిషా (రజి)పై కపటులు నింద మోపినప్పుడు మదీనాలో ఒక ఇంట్లో భార్యాభర్తల మధ్య జరిగిన సంభాషణను చరిత్రకారులు భద్రపరిచారు. ఆ ఇల్లు హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి)ది. జనం అనుకొంటున్నది విన్నారా అని భార్య అడిగారు. ‘నీవైతే అలాంటి పని చేస్తావా?’ అని ఆయన తిరిగి అడిగారు. చేయనన్నారామె. ఆయిషా నీకంటె ఉత్తమురాలు గదా అన్నారాయన. అంతటితో ఆ వదంతి ఆ ఇంటి గడప దాటలేదు. మన ఇళ్లు అలాంటి గడపలు కావాలి.

కనుక నెలవంక విషయంలో అడిగే మూడు ప్రశ్నలను ప్రతి సందేశానికీ అడుగుదాం. చూసినవారెవరు? ఎక్కడ, ఎప్పుడు? ఎవరు నిర్ధారించారు? జవాబు లేకపోతే పంపకుండా ఉంటే చాలు. పంపనందుకు అల్లాహ్ మనల్ని ప్రశ్నించడు. వైద్య విషయాన్ని వైద్యుణ్ణి, ధర్మ విషయాన్ని ఆలిమ్‌ను అడుగుదాం. ‘నాకు తెలియదు’ అనే మాటను పిల్లల ఎదుట సంకోచం లేకుండా పలుకుదాం, వారు నేర్చుకొంటారు.

ఒక ఆడపిల్ల ఫోటోతో, ఒక కుటుంబం రహస్యంతో వచ్చినదాన్ని నిజమా అబద్ధమా అని కూడా విచారించవద్దు. తుడిచేయండి. పంపినవారికి ఇక పంపవద్దని చెప్పండి. పతివ్రతలపై నింద మోపి నలుగురు సాక్షులను తీసుకురాలేనివారికి ఎనభై కొరడా దెబ్బల శిక్షను నూర్ సూరా విధించింది. ఆ వాక్యాన్ని చదివిన చేత్తోనే ఫోటోను ఫార్వర్డ్ చేయడం ఎలా సాధ్యం?

పెద్దలు పొరపాటున పంపినప్పుడు వారిని గ్రూపులో చిన్నబుచ్చకండి. ‘చిచ్చా, ఇది పాతదట, చూడండి’ అని విడిగా, మర్యాదగా చెప్పండి. ఆ తర్వాత సరైన సమాచారాన్ని ఎవరినీ వేలెత్తి చూపకుండా అదే గ్రూపులో ఉంచండి. మొదటిది నలభై మంది చదివితే, రెండోది కూడా ఆ నలభై మందికే చేరాలి. గ్రూపు నడిపే అడ్మిన్లు తమను ఒక చిన్న మందకు కాపరులుగా భావించాలి. కాపరిని తన మంద గురించి ప్రశ్నించడం జరుగుతుందని మనకు తెలుసు.

కాలు జారితే తీసుకోగలం గాని, నోరు జారితే తీసుకోలేమని మన పెద్దలన్నారు. ఇప్పుడు వేలు కూడా నోరే. తమ నాలుకలు, తమ చేతులు, తమ కాళ్లు తమకే వ్యతిరేకంగా సాక్ష్యమిచ్చే దినం ఒకటి ఉందని, ఆయిషా (రజి) నిర్దోషిత్వాన్ని ప్రకటించిన ఆ నూర్ సూరాలోనే అల్లాహ్ హెచ్చరించాడు. ఆ దినాన మన వేళ్లు మనం పంపిన ప్రతి మాటకూ సనద్ చెబుతాయి. ఆ గొలుసులో మన పేరు ఎక్కడెక్కడ ఉండాలో, ఎక్కడ ఉండకూడదో నిర్ణయించుకొనే అవకాశం ఈనాడు మన చేతిలోనే ఉంది.

విన్న మాటను విచారించే వివేకాన్ని, తెలియని చోట మౌనం వహించే ధైర్యాన్ని, తోటి మనుషుల ప్రాణాన్నీ పరువునూ మన ప్రాణంలా పరువులా కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.